సగటుకు లొంగని రొద

థర్మల్ కెమెరా చేత్తో పట్టుకుని చూసినవాళ్లకి ఆ చప్పుడు పరిచయమే. చీకట్లో మనుషులు, గొడ్లు, ఇప్పుడే ఆపిన మోటారు సైకిలు ఇంజను తెల్లగా మెరుస్తూ కనబడుతుంటాయి. ఉన్నట్టుండి లోపల టిక్కుమంటుంది. బొమ్మ అరక్షణం బిగుసుకుపోయి, మళ్లీ కదులుతుంది. కొన్ని నిమిషాలకి మళ్లీ టిక్కు. కొత్తగా వాడేవాళ్లు యంత్రంలో ఏదో లోపం ఉందనుకుంటారు. లోపం కాదు. లెన్సుకీ సెన్సరుకీ మధ్య ఒక చిన్న రేకు అడ్డం వచ్చి వెళ్లింది, అంతే. ఆ రేకంతా ఒకే వేడిలో ఉంటుంది కనుక దాన్ని చూస్తున్నంతసేపూ సెన్సరులోని వేలాది గడులు ఒకే అంకె చెప్పాలి. చెప్పవు. ఏ గడి ఎంత తేడాగా చెబుతోందో కెమెరా లెక్క రాసుకుని, తర్వాతి బొమ్మల్లోంచి ఆ తేడాను తీసేస్తుంది. కాసేపటికి ఆ లెక్క పాతబడుతుంది. మళ్లీ రేకు, మళ్లీ లెక్క.

లెక్క ఎందుకు పాతబడుతుంది? కెమెరా ఒళ్లు వేడెక్కడం ఒక కారణం. రెండో కారణం అంత తేలిగ్గా అర్థమయ్యేది కాదు. ఏ ఎలక్ట్రానిక్ భాగాన్నైనా కదపకుండా, వేడి మారకుండా, గాలి తగలకుండా ఉంచినా సరే, అందులోంచి పారే కరెంటు తనంతట తాను మెల్లమెల్లగా అటూ ఇటూ జరుగుతుంటుంది. ఇంజనీర్లు దీన్ని ఫ్లికర్ నాయిస్ అంటారు, వన్ బై ఎఫ్ నాయిస్ అని కూడా అంటారు. ఎలక్ట్రానిక్స్‌లో ఉన్న రొదలన్నింటిలోకీ మొండిది ఇదే.

ఈ సంగతి రాయడానికి కృష్ణా డెల్టా కంటే మంచి చోటు దొరకదు. 1920లలో బందరులో, అంటే మచిలీపట్నంలో, మొదలైన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ శాస్త్ర పరికరాలు తయారుచేసేది. అది నష్టాల్లో పడ్డాక 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ తీసుకుంది. అప్పటి నుంచి రాత్రి చూపు పరికరాలంటే మచిలీపట్నమే. సైన్యం వాడే నైట్ విజన్ దుర్భిణులు, థర్మల్ ఇమేజర్లు అక్కడి నుంచి వెళతాయి. ఆ పనికే పామర్రు దగ్గర నిమ్మలూరులో సుమారు 360 కోట్ల రూపాయలతో కట్టిన కొత్త ఫ్యాక్టరీని ప్రధానమంత్రి 2025 అక్టోబరు 16న కర్నూలు సభ నుంచి జాతికి అంకితం చేశారు. వరిచేల మధ్య తయారయ్యే ఆ యంత్రాల పనితనం ఎంత దూరం పోగలదో తేల్చే హద్దుల్లో ఈ రొద ఒకటి.

నైట్ విజన్, థర్మల్ రెండూ ఒకటే అనుకోవడం మామూలు పొరపాటు. నైట్ విజన్ దుర్భిణి చుక్కల వెలుగునే వేల రెట్లు పెంచి చూపిస్తుంది. అందులో కనబడే ఆకుపచ్చ చుక్కల గిలగిల వేరే జాతి రొద. థర్మల్ ఇమేజరుకి వెలుగుతో పనిలేదు. మన ఒంటి వేడి మైక్రోమీటరు లెక్కల్లో తొమ్మిది, పది దగ్గర పరారుణ కిరణాలుగా బయటికి వస్తుంటుంది. దాన్నే అది పట్టుకుంటుంది. చల్లబరచాల్సిన అవసరం లేని రకం ఇమేజరులో ప్రతి గడీ వెనేడియం ఆక్సైడు లాంటి పదార్థంతో చేసిన పలచని పొర. రెండు సన్నని కాళ్ల మీద గాల్లో నిలబెట్టినట్టు ఉంటుంది. గడి వెడల్పు ఇప్పుడు 12 మైక్రోమీటర్లకు వచ్చింది. తల వెంట్రుక మందం దానికి అయిదారు రెట్లు. ఎదుటి వస్తువు ఒక డిగ్రీ వేడెక్కితే ఈ పొర వేడెక్కేది డిగ్రీలో వెయ్యో వంతుల లెక్కన, ఏ నాలుగైదు వంతులో. అప్పుడు దాని రెసిస్టెన్సు మారేది సుమారు పదివేలలో ఒక వంతు. మంచి ఇమేజరు డిగ్రీలో ఇరవయ్యో వంతు తేడాను కూడా చూపాలి. అంటే ఆ పదివేలలో ఒక వంతులో మళ్లీ ఇరవయ్యో వంతు. అంత చిన్న మార్పును కొలిచేటప్పుడు ఆ పొర తన ఇష్టప్రకారం ఊగడం మొదలుపెడితే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

రొదల్లో మంచివీ ఉన్నాయి. మంచివంటే, ఓపిక పడితే వదిలేవి. ఏ రెసిస్టరులోనైనా ఎలక్ట్రాన్లు వేడికి కుదురుగా ఉండవు. ఆ అలజడి వల్ల దాని రెండు కొసల మధ్య కాస్త వోల్టేజి ఎప్పుడూ తారాడుతుంటుంది. వెయ్యి ఓముల రెసిస్టరుని గది వేడిలో, పదివేల హెర్ట్జ్ వెడల్పులో చూస్తే ఇది 0.4 మైక్రోవోల్టు. కరెంటు అనేది ఎలక్ట్రాన్ల గుంపు కనుక, అవి విడివిడిగా రావడంలోని ఎగుడుదిగుడు మరో రొద. 1918లో జర్మనీలో వాల్టర్ షాట్కీ దాన్ని లెక్కగట్టాడు. చుక్కల వెలుగు దుర్భిణిలో కనబడే గిలగిల ఆ రకానిదే. ఈ రెండూ అన్ని ఫ్రీక్వెన్సీల్లోనూ సమంగా ఉంటాయి. కొలతను వందసార్లు తీసి సగటు కడితే రొద పదో వంతుకి పడిపోతుంది. పదివేలసార్లు తీస్తే వందో వంతుకి. మన బడిలో నేర్పిన లెక్క, కొలిచినకొద్దీ నిజానికి దగ్గరవుతామన్న నమ్మకం, ఇక్కడ చక్కగా పనిచేస్తాయి.

1925లో ఆ నమ్మకానికి పగులు పడింది. అమెరికాలో జె.బి. జాన్సన్ వాక్యూం ట్యూబుల్లో షాట్కీ చెప్పిన రొదను కొలుస్తున్నాడు. ఎక్కువ ఫ్రీక్వెన్సీల్లో లెక్కా కొలతా సరిపోయాయి. కిందికి దిగేకొద్దీ రొద పెరుగుతూ పోయింది, షాట్కీ లెక్కకు ఎన్నో రెట్లు మించిపోయింది. మరుసటి ఏడాది షాట్కీయే దానికి ఒక వివరణ ఇచ్చాడు. వేడెక్కిన క్యాథోడు మీద పరాయి అణువులు వచ్చి వాలడం, లేచిపోవడం వల్ల కరెంటు మినుకుమినుకుమంటోందన్నాడు. ఫ్లికర్ అన్న మాట అలా వచ్చింది. ట్యూబులు పోయి ట్రాన్సిస్టర్లు వచ్చాయి. రొద పోలేదు. కార్బన్ రెసిస్టర్లలో ఉంది, జెర్మేనియంలో, సిలికాన్‌లో, పలచని లోహపు పొరల్లో ఉంది. అన్నిచోట్లా దాని నడక దాదాపు ఒకటే. ఫ్రీక్వెన్సీ పదో వంతుకి తగ్గితే ఒక్కో హెర్ట్జ్ వెడల్పులో ఉండే రొద శక్తి పదింతలు.

ఈ చిన్న నియమంలో ఒక తిరకాసు ఉంది. దీని ప్రకారం 1 నుంచి 10 హెర్ట్జ్ మధ్య ఎంత రొద ఉందో, 0.1 నుంచి 1 మధ్య అంతే ఉంటుంది. 0.01 నుంచి 0.1 మధ్య మళ్లీ అంతే. పది సెకన్లు కొలిచినా, వంద సెకన్లు కొలిచినా, వెయ్యి సెకన్లు కొలిచినా మన ఓపికకు కొత్తగా ఒక వాటా రొద ఎదురొస్తుంది. సగటు కట్టి పాత రొదను చంపేలోగా, అంతసేపు కూర్చున్నందుకు ఇంకా మెల్లగా కదిలే రొద లోపలికి వస్తుంది. ఎంతసేపు కూర్చున్నా కొలత మెరుగుపడదు. బడి లెక్క ఓడిపోయేది ఇక్కడే.

అడుగున ఎక్కడో ఇది ఆగాలి కదా అని చూసినవాళ్లున్నారు. 1974లో కలోయానిడెస్ అనే పరిశోధకుడు ఆంప్లిఫయర్ చిప్పులను నెలల తరబడి కొలిచి, ఒక ఊపు పూర్తి కావడానికి మూడు వారాలకు పైగా పట్టేంత కిందికి వెళ్లాడు. అక్కడా వన్ బై ఎఫ్ నడకే, చదును కనబడలేదు. మరి కిందికి వెళ్లినకొద్దీ శక్తి అనంతమైపోదా అని పుస్తకాలు గాభరా పడతాయి. ఆ గాభరా నాకు అతిగా అనిపిస్తుంది. విశ్వం వయసు సెకన్లలో నాలుగు పక్కన పదిహేడు సున్నాలు. ఒక హెర్ట్జ్ నుంచి అంత కిందికి దిగినా పదేసి రెట్ల మెట్లు పదిహేడున్నర మాత్రమే. అంటే విశ్వం పుట్టినప్పటి నుంచి కొలుస్తూ కూర్చున్నా మొత్తం రొద శక్తి ఒక్క మెట్టులో ఉన్నదానికి పద్దెనిమిది రెట్లు దాటదు. వోల్టేజిలో నాలుగు రెట్ల పైచిలుకు. అనంతం సంగతి అలా ఉంచి, ఇది భయపడాల్సినంత పెద్దదేమీ కాదు. ఇబ్బందల్లా అది తగ్గకపోవడంతోనే.

పుట్టుక ఎక్కడన్న ప్రశ్నకు నేటి చిప్పుల్లో వాడే మాస్‌ఫెట్ ట్రాన్సిస్టరు మంచి జవాబు ఇస్తుంది. అందులో సిలికాన్ మీద గాజులాంటి ఆక్సైడు పొర ఉంటుంది. కరెంటు ఆ పొరను ఒరుసుకుంటూ సిలికాన్‌లో పారుతుంది. ఆక్సైడులో అక్కడక్కడా అణువుల అమరిక చెదిరిన చోట్లు ఉంటాయి. దారిన పోయే ఎలక్ట్రాన్ ఒకటి అందులోకి జారి కాసేపు చిక్కుకుపోతుంది, తర్వాత బయటపడుతుంది. చిక్కుకున్నంతసేపూ కరెంటు కాస్త తగ్గి ఉంటుంది. ఆ కాసేపు ఎంత అన్నది చెదిరిన చోటు ఎంత లోతున ఉందన్న దాన్నిబట్టి ఉంటుంది. అక్కడికి ఎలక్ట్రాన్ క్వాంటం దారిలో, గోడలోంచి దూరినట్టు వెళ్లాలి కనుక నానోమీటరులో పావు వంతు లోతు పెరిగితే చాలు, పట్టే సమయం పదింతలు అవుతుంది. రెండు నానోమీటర్ల మందంలోనే మైక్రోసెకన్ల నుంచి నిమిషాల దాకా అన్ని గడువులూ ఇమిడిపోతాయి.

డెల్టా కాలువ గట్టు మీద నిలబడి చూసినట్టు ఊహించండి. గట్టు పొడుగునా చిన్నచిన్న తూములు. ఒకటి సెకనుకోసారి తెరుచుకుని మూసుకుంటుంది, ఇంకొకటి గంటకి, ఇంకొకటి నెలకి. ఎవరి వంతు ఎప్పుడో ఎవరికీ తెలియదు. దిగువన నీటిమట్టం కొలిచేవాడికి చిన్న అలలూ, పెద్ద ఊగులూ, రోజుల తరబడి సాగే ఎగుడుదిగుళ్లూ అన్నీ కలిసి కనబడతాయి. తూముల గడువులు పదేసి రెట్ల మెట్లన్నింటా సమంగా పంచుకుని ఉంటే, ఆ మొత్తం నడక సరిగ్గా వన్ బై ఎఫ్ అవుతుంది. లోతును బట్టి సమయం రెట్టింపులుగా పెరగడం వల్ల ఆక్సైడులో ఆ పంపకం దానంతట అదే కుదిరింది. 1950లలో అమెరికాలో మెక్‌వోర్టర్ ఇలాంటి లెక్కే జెర్మేనియం ఉపరితలానికి కట్టాడు.

లెక్క సరే, తూము ఒక్కటి కంటికి కనబడాలి కదా. 1984లో కనబడింది. బెల్ ల్యాబ్స్‌లో మైక్రోమీటరు కంటే సన్నని ట్రాన్సిస్టర్లు చేసి కొలిచినప్పుడు వాటి కరెంటు మామూలు రొదలా గజిబిజిగా లేదు. రెండు మట్టాల మధ్య మెట్లుమెట్లుగా ఎక్కుతూ దిగుతూ ఉంది. ట్రాన్సిస్టరు అంత చిన్నదయ్యాక అందులో చెదిరిన చోటు ఒకటో రెండో మిగిలాయి. ప్రతి మెట్టూ ఒక్క ఎలక్ట్రాన్ చిక్కుకోవడం, ఒక్క ఎలక్ట్రాన్ విడుదల కావడం. ఇది మీ ఫోనులోనూ చూడవచ్చు. బాగా చీకటి గదిలో వీడియో తీసి, తెర మీద పెద్దది చేసి నిదానంగా చూడండి. మిగతా గడులన్నీ ఒకలా గలగలలాడుతుంటే, ఎక్కడో ఒక చుక్క మాత్రం కాసేపు వెలిగి, కాసేపు ఆరి, మళ్లీ వెలుగుతుండవచ్చు. చిప్పులోని ఒక్క ట్రాన్సిస్టరులో ఒక్క ఎలక్ట్రాన్ రాకపోకలు అలా కూడా కనబడతాయి. భౌతికశాస్త్రంలో ఒక్క ఎలక్ట్రాన్‌ను ఇంత చౌకగా చూపించే మరో ఏర్పాటు నాకు తెలియదు.

అయితే అన్ని పదార్థాలకూ ఈ కథే అనుకోకూడదు. నెదర్లాండ్స్‌లో హూగ్ 1969లో ఇది ఉపరితలం పని కానే కాదంటూ ఒక పేపరు వేశాడు. పదార్థం లోపల ఎన్ని ఎలక్ట్రాన్లు పారుతున్నాయో ఆ సంఖ్య పెరిగేకొద్దీ రొద తగ్గుతుందని, అందుకు ఒకే స్థిరాంకం సరిపోతుందని చెప్పాడు. స్థిరాంకం స్థిరంగా నిలవలేదు, మంచి స్ఫటికాల్లో అది వందల రెట్లు పడిపోయింది. ఉపరితలమా, లోపలా అన్న తగాదా దశాబ్దాలు నడిచింది. నా లెక్కన ఇద్దరూ గెలిచారు, కాకపోతే వేరువేరు వస్తువుల్లో. ఈ రొదకు విశ్వమంతా వర్తించే ఒకే రహస్యం ఉందనేవాళ్ల మాటలకంటే, ఏ పదార్థానికి ఆ పదార్థం కారణం వెతికినవాళ్ల పనే ఇంజనీర్లకు అక్కరకొచ్చింది. హూగ్ సూత్రంలో నిలిచిన భాగం ఒకటుంది. వస్తువు చిన్నదయ్యేకొద్దీ రొద పెరుగుతుంది. థర్మల్ ఇమేజరు గడిని 17 మైక్రోమీటర్ల నుంచి 12కి తగ్గిస్తే లెన్సు చిన్నదవుతుంది, ధర తగ్గుతుంది. దానితోపాటే ఈ రొద పెరుగుతుంది. రెంటికీ నడుమ రాజీ కుదర్చడమే డిజైనరు పని.

ఇదే నడక ఎలక్ట్రానిక్స్ బయటా కనబడడం వల్లే ఇన్ని కథలు పుట్టాయి. 1975లో బర్క్‌లీలో వాస్, క్లార్క్ అనే ఇద్దరు రేడియో స్టేషన్ల ప్రసారాలను గంటల తరబడి పట్టి, సంగీతంలో, మాటల్లో హెచ్చుతగ్గులు కూడా వన్ బై ఎఫ్ తీరులోనే ఉన్నాయని చూపారు. వాస్ తర్వాత మన శాస్త్రీయ రాగాలకూ ఆ లెక్క కట్టాడు, అవీ అంతే. బాలమురళీకృష్ణ పనిచేసిన ఆకాశవాణి స్టేషను ఉన్న విజయవాడలో ఈ ముక్క చెప్పకుండా ఉండలేం. రాగానికీ రెసిస్టరుకీ చుట్టరికం ఉందని మాత్రం దీన్నిబట్టి తేల్చేయకూడదు.

నదుల సంగతి ఇంకాస్త గట్టిది. ఈజిప్టులో హర్‌స్ట్ అనే ఇంజనీరు నైలు నది పాత లెక్కలన్నీ తిరగేసి 1951లో చెప్పినదేమిటంటే, మంచి ఏళ్లు వరసగా వస్తాయి, చెడ్డ ఏళ్లూ వరసగా వస్తాయి, జలాశయం ఎంత పెద్దది కట్టాలన్నది మామూలు సగటు లెక్కతో తేలదు అని. కృష్ణా నదికి మన దగ్గరున్న లెక్క విజయవాడ ఆనకట్ట దగ్గరిది. బచావత్ ట్రిబ్యునల్ 1894-95 నుంచి 1971-72 దాకా 78 ఏళ్ల లెక్క చూసి, నూటికి 75 ఏళ్లు నమ్మదగ్గ నీరు 2060 టీఎంసీలంది. బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ 1961-62 నుంచి 2007-08 దాకా 47 ఏళ్లు తీసుకుని అదే 75 శాతానికి 2173 అంది. లెక్క కట్టే పద్ధతులు కూడా మారాయి కనుక ఈ తేడానంతటినీ నది మీద వేయలేం. కృష్ణ సరిగ్గా వన్ బై ఎఫ్ నడుస్తుందనీ నేననడం లేదు. కాని ఏ ఏళ్ల మధ్య కొలిచామన్నదాన్నిబట్టి సగటే మారిపోతే ఎన్ని తగవులొస్తాయో నాలుగు రాష్ట్రాల రైతులకి ఎవరూ నేర్పనక్కర్లేదు.

సర్క్యూట్ల దగ్గరికి వస్తే, ఈ రొదను తప్పించుకునే దారులు ముఖ్యంగా రెండు. ఒకటి, ఘడియఘడియకీ సున్నా చూసుకోవడం. కెమెరాలో రేకు చేసే పని అదే. బంగారం కొట్లో ఎలక్ట్రానిక్ త్రాసు కూడా అదే చేస్తుంది. 600 గ్రాముల దాకా తూచి, పది మిల్లీగ్రాముల తేడా చూపించే త్రాసును తీసుకోండి. లోపలి లోడ్ సెల్ నిండు బరువుకి ఇచ్చేది పది మిల్లీవోల్టులు. దాన్ని అరవై వేల భాగాలు చేస్తే ఒక్కో భాగం 0.17 మైక్రోవోల్టు. మామూలు ఆంప్లిఫయర్‌లో ఫ్లికర్ రొదే అంతకు మించి ఊగుతుంది. అందుకే వ్యాపారి నగ పెట్టేముందు పళ్లెం ఖాళీగా ఉంచి సున్నా మీట నొక్కుతాడు. సున్నా చూసిన క్షణానికీ తూచిన క్షణానికీ మధ్య ఎంత తక్కువ సమయం ఉంటే అంత మంచిది. గంట క్రితం సున్నా చూసి ఇప్పుడు తూస్తే ఆ గంటలో మెల్లగా జరిగినదంతా మీ నగ బరువులో కలుస్తుంది. నగ కొనేటప్పుడు, అమ్మేటప్పుడు ఆ మీట నొక్కారో లేదో చూడడంలో మొహమాటం అక్కర్లేదు.

రెండో దారి విజయవాడకి 1948 డిసెంబరు 1 నుంచి తెలుసు. ఆకాశవాణి ఆ రోజే మొదలైంది. మనిషి గొంతు వందల హెర్ట్జ్‌లది. దాన్ని 837 కిలోహెర్ట్జ్ మీదికి ఎక్కించి పంపుతారు. గాలిలో దూరం పోవడానికే అలా చేస్తారు గాని, దానివల్ల రేడియో సెట్టుకి ఇంకో మేలు జరుగుతుంది. యాంటెన్నాలో పడిన మైక్రోవోల్టుల గొంతును సెట్టు మొదట ఎక్కువ ఫ్రీక్వెన్సీలోనే ఉంచి పెంచుతుంది, బాగా పెద్దదయ్యాకే కిందికి దించుతుంది. అంత ఎత్తులో ఫ్లికర్ రొద చేరదు. మనకి రేడియోలో వినబడే గరగరలు మెరుపులవీ, మోటార్లవీ. బుయ్యిమనే మోత కరెంటు లైను యాభై హెర్ట్జ్‌ది. ఈ రెంటినీ ఫ్లికర్ రొద ఖాతాలో వేయకూడదు. చాపర్ ఆంప్లిఫయర్ చేసేది సరిగ్గా ఈ రేడియో పనే. నెమ్మదిగా మారే సిగ్నలును సెకనుకు వేలసార్లు తలకిందులు చేసి పైకెక్కిస్తుంది, అక్కడ పెంచి, తిరిగి దించుతుంది. త్రాసుల్లోనూ, ఇతర సెన్సర్లలోనూ వాడే చిప్పులు చాలావరకు ఈ కోవలోవి.

ఎక్కించడం అన్ని చోట్లా సాగదు. మచిలీపట్నంలో తుపానులను కనిపెట్టే వాతావరణ శాఖ డాప్లర్ రాడారు పది సెంటీమీటర్ల తరంగాలతో, అంటే సుమారు 280 కోట్ల హెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. వానచినుకులు సెకనుకి ఒక మీటరు వేగంతో దగ్గరికొస్తుంటే తిరిగొచ్చే తరంగంలో మార్పు 20 హెర్ట్జ్ లోపే. 280 కోట్లలో ఆ 20ని పట్టుకోవాలంటే రాడారులోని ఆసిలేటరు కదలకుండా నిలబడాలి. కాని దాని ట్రాన్సిస్టరులోని ఫ్లికర్ రొద కూడా తరంగం మీదికి ఎక్కి పక్కనే కూర్చుంటుంది. ఇక్కడ తక్కువ రొద ట్రాన్సిస్టరును ఏరుకోవడం, మంచి స్ఫటికాన్ని వాడడం తప్ప వేరే ఉపాయం లేదు.

ఏరుకోవడం అంటే గుర్తొచ్చింది. రిపేరు బల్ల మీద పనిచేసేవాళ్లకి పనికొచ్చే మాట. ఆంప్లిఫయర్ మొదటి స్టేజిలో, డీసీ కరెంటు పారే చోట, పాత కార్బన్ కాంపోజిషన్ రెసిస్టరు ఉంటే దాన్ని తీసి అదే విలువ మెటల్ ఫిల్మ్ వేయండి. కార్బన్ గుండను కుక్కి చేసిన దానిలో కరెంటు గుండ రేణువుల అంచుల మీదుగా దాటుతూ పోతుంది. ఆ అంచులే రొద గూళ్లు. లోహపు పొరలో అలాంటి అంచులు తక్కువ. కరెంటు పారనప్పుడు రెండూ ఒకటే, వేడి వల్ల వచ్చే రొద తప్ప ఇంకేదీ ఉండదు. ఆంప్లిఫయర్లలోనూ ఇంతే. ఓపీ27 అనే పాత బైపోలార్ చిప్పులో ఫ్లికర్ రొద మామూలు రొదను మించేది 2.7 హెర్ట్జ్ కిందికి దిగాకే. చాపింగ్ లేని మామూలు సీమాస్ చిప్పుల్లో ఆ మలుపు వందల్లో, వేలల్లో ఉంటుంది.

కృష్ణకు అవతలి ఒడ్డున అమరావతిలో ఇప్పుడు క్వాంటం వ్యాలీ మాట వినబడుతోంది. 156 క్యూబిట్‌ల ప్రాసెసరుతో ఐబీఎం క్వాంటం కంప్యూటరును అక్కడ పెడతామని 2025లో ప్రకటించారు. ఆ క్యూబిట్‌లను, అంటే ఆ కంప్యూటరు లెక్క కట్టే సూపర్ కండక్టరు సర్క్యూట్లను, నిరపేక్ష సున్నాకు డిగ్రీలో వందో వంతు దూరం దాకా చల్లబరుస్తారు. వేడి వల్ల పుట్టే రొద అక్కడ దాదాపు చచ్చిపోతుంది. ఫ్లికర్ రొద చావదు. సూపర్ కండక్టరు చుట్లలో అయస్కాంత క్షేత్రమే వన్ బై ఎఫ్ నడకతో ఊగుతుందని 1980లలో కొలిచి చూపిన బృందంలో జాన్ క్లార్క్ ఉన్నాడు. రేడియో సంగీతాన్ని కొలిచిన క్లార్కే ఈయన. సూపర్ కండక్టరు సర్క్యూట్లలో క్వాంటం ప్రవర్తనను చూపినందుకు 2025లో మరో ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఆ ఊగుకి కారణాల్లో ఒకటి లోహం ఉపరితలం మీద అతుక్కుపోయిన ఆక్సిజన్ అణువులని 2016లో బయటపడింది. వందేళ్ల నాటి షాట్కీ మాట, పరాయి అణువులు వచ్చి వాలడం, ఇంకో రూపంలో నిజమైనట్టే. క్వాంటం కంప్యూటరు నడిపేవాళ్లు కూడా క్యూబిట్‌ల లెక్కను పదేపదే సరిచూస్తూ ఉండాల్సిందే.

విజయవాడ చుట్టుపక్కల ఇన్ని ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి. ఎలక్ట్రానిక్స్ ల్యాబుల్లో ఆంప్లిఫయర్ గెయిను కొలిపిస్తారు, బ్యాండ్‌విడ్త్ కొలిపిస్తారు, ఈ రొదను మాత్రం కొలిపించడం అరుదు. కావలసింది ఎక్కువేమీ లేదు. ఓపీ27 లాంటి ఒక ఆప్ ఆంప్, దాని ఇన్‌పుట్ గ్రౌండుకి కలపాలి, గెయిను పదివేలు పెట్టాలి. కరెంటు లైను బదులు బ్యాటరీలు వాడాలి. మొత్తాన్ని రేకు డబ్బాలో పెట్టి మూత వేసి, దాని చుట్టూ థర్మోకోల్ చుట్టాలి, లేకపోతే గాలి మార్పులే కనబడతాయి. అవుట్‌పుట్‌ను రాత్రంతా కంప్యూటరులో నమోదు కానివ్వాలి. పొద్దున్నే ఆ అంకెలను మొదట సెకనుకొక సగటుగా, తర్వాత నిమిషానికొక సగటుగా, తర్వాత గంటకొక సగటుగా కట్టించి, సగటుల మధ్య ఊగు ఎంత తగ్గిందో పిల్లల చేతే గ్రాఫు గీయించండి. అధ్యాపకులు ఈ ఏడాది సిలబస్‌లో లేకపోయినా ఒక ల్యాబ్ పీరియడ్ దీనికి ఇవ్వాలని మనవి.